మూడు తరాల పటం, జీవితకథ పుస్తకం: నాలుగేళ్ల వాడకం తర్వాత సమీక్ష

దత్తత కుటుంబాలతో పనిచేసే థెరపిస్టులు ఇంట్లో చేయమని చెప్పేవాటిలో జీవితకథ పుస్తకం ముఖ్యమైనది. బిడ్డ ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చింది, ఈ ఇంటికి ఎలా చేరింది అనేవన్నీ ఒక ఫైల్లో రాసి, అతికించి, బిడ్డతో కలిసి చదువుకోవడం. దానికి ముందు పెద్దలు చేయాల్సింది ఇంకోటి ఉంది: మూడు తరాల పటం, అంటే జెనోగ్రామ్. చాలా ఇళ్లలో దీన్ని వదిలేసి నేరుగా పుస్తకానికి వెళ్తారు. రెండూ నాలుగేళ్లు వాడాక మా అభిప్రాయం ఒక్కటే. పుస్తకం మధ్యలో ఆగేది పిల్లల వల్ల కాదు, పెద్దల వల్ల. పటం ముందు పూర్తయితేనే పుస్తకం చివరిదాకా నడుస్తుంది.

పటానికి ఒక ఏ4 కాగితం, పెన్సిల్, రబ్బరు చాలు. కాగితాన్ని అడ్డంగా పెట్టి పైవరసలో తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, మధ్య వరసలో మీరు, మీ తోబుట్టువులు, కింద పిల్లలు వచ్చేలా గీయాలి. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, చనిపోయినవారి గుర్తు మీద ఇంటూ. కన్నబిడ్డకు ఒక నిండు గీత. దత్తత బిడ్డకు నిండు గీత, దాని పక్కనే చుక్కల గీత. ప్రతి గుర్తు దగ్గర రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ మనిషి చిన్నతనంలో ఏం పోగొట్టుకున్నారు? ఆ సంగతి ఇంట్లో ఎప్పుడైనా మాట్లాడుకున్నారా? ఒకే రాత్రి పూర్తి చేద్దామనుకోకండి. ముప్పావుగంట చొప్పున మూడు నాలుగు సార్లు కూర్చోవాలి, పిల్లలు పడుకున్నాక. మన ఇళ్లలో పైకి వచ్చేవి దాదాపు ఇవే: పురిట్లో పోయిన బిడ్డలు, పిల్లల్లేని పెదనాన్నకు పెంపకానికిచ్చిన కొడుకు, తాగుడు, అప్పుల కింద పోయిన పొలం. మీ తరంలో నిలవని గర్భాలు, ఫలించని ఐవీఎఫ్ ప్రయత్నాలు కూడా ఉంటే వాటినీ రాయాలి. ఆ దుఃఖానికి చోటివ్వకుండా పుస్తకం తెరిస్తే, కన్నతల్లి పేజీ వచ్చేసరికి పెంచిన తల్లి గొంతు పూడుకుపోతుంది. బిడ్డ అది చూసి ఇక ఆ పేజీ అడగదు.

ఈ పటం ఎందుకు పనికొస్తుందో అన్నం కంచం దగ్గర చూడొచ్చు. దత్తతకు ముందు శిశుగృహలాంటి సంస్థలో కొన్నాళ్లు పెరిగిన పిల్లలు చాలామంది తిండి దాచుకుంటారు. దిండు కింద చపాతీ ముక్క, స్కూలు సంచిలో నలిగిన బిస్కెట్లు కనిపిస్తాయి. ఆకలి వేసినప్పుడు అన్నం వస్తుందన్న నమ్మకం ఆ ఒంటికి ఇంకా రాలేదు. అదే ఇంట్లో చిన్నప్పుడు పస్తులున్న తాతయ్య ఉంటారు. కంచంలో మెతుకు మిగలకూడదన్నది ఆయన నియమం. బిడ్డ సగం తిని సగం దాచగానే ఆయన అరుస్తారు. భయపడి బిడ్డ ఇంకొంచెం ఎక్కువ దాస్తుంది. రెండు ఆకళ్లు ఒకే కంచం దగ్గర తగువులాడుతున్నాయి. పటంలో తాతయ్య గుర్తు పక్కన 'పస్తులు' అని రాసి ఉంటే ఆయనతో మాట్లాడే తీరే మారుతుంది. “మీలాగే దీనికీ తిండి దొరకదన్న భయం ఉంది నాన్నా, కొన్నాళ్లు ఓపిక పట్టండి” అంటే చాలాసార్లు ఆయనే డబ్బా నింపుతారు.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. మూత తేలిగ్గా వచ్చే డబ్బా ఒకటి బిడ్డ చేతికందే చోట పెట్టాలి. అందులో పల్లీ ఉండలు, బిస్కెట్లు, పక్కన అరటిపండు. అడగకుండా తీసుకోవచ్చని చెప్పాలి. తగ్గగానే బిడ్డ చూస్తుండగా నింపాలి. దీనికి తోడు మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి ఏదో ఒకటి తినిపించి నీళ్లు తాగించాలి. ఇది టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీలో కేరిన్ పర్విస్, డేవిడ్ క్రాస్ రూపొందించిన టీబీఆర్‌ఐ (ట్రస్ట్ బేస్డ్ రిలేషనల్ ఇంటర్వెన్షన్, అంటే నమ్మకం పెంచుతూ బిడ్డను దగ్గర చేసుకునే) పద్ధతిలోది, మా అనుభవంలో అన్నిటికన్నా త్వరగా ఫలితమిచ్చింది. అలమరకు తాళం వేస్తే మాత్రం మొత్తం మొదటికొస్తుంది.

ఇక పుస్తకం. అతికించిన ఆల్బమ్ వద్దు, పేజీలు తీసి మార్చుకునే రింగు ఫైలు కావాలి. వయసు పెరిగే కొద్దీ వాక్యాలు మారతాయి. ఫోటోలకు, కాగితాలకు రంగు జిరాక్సులే వాడాలి, ఎందుకంటే కోపం వచ్చిన రోజు పేజీ చిరుగుతుంది. చిరిగితే తిట్టకుండా ఇంకో కాపీ పెట్టాలి. మొదటి పేజీలు ఈరోజువి: ఇప్పటి ఇల్లు, బడి, కుక్కపిల్ల. ఆ తర్వాతే వెనక్కి వెళ్లి, చివర మళ్లీ ఇప్పటికి రావాలి. పుట్టుక దగ్గర మొదలుపెడితే విడిచిపెట్టడమే మొదటి వార్త అవుతుంది.

దత్తత సమయంలో వచ్చే చైల్డ్ స్టడీ రిపోర్టు, మెడికల్ రిపోర్టుల్లో పుస్తకానికి సరుకు ఉంటుంది: బరువు, శిశుగృహలో పెట్టిన పేరు, ఇష్టమైన తిండి. కాగితంలో లేనిది అల్లకూడదు. “ఇది మనకు తెలియదు” అని శీర్షిక పెట్టి ఒక ఖాళీ పేజీ వదలండి. పిల్లలు తిరిగి తిరిగి తెరిచేది ఆ పేజీనే.

వాక్యాల దగ్గరే ఎక్కువ పొరపాట్లు. “మీ అమ్మ నీ మీద ప్రేమతోనే ఇచ్చేసింది” అని రాయొద్దు. ప్రేమించేవాళ్లు ఇచ్చేస్తారని బిడ్డ లెక్క వేసుకుంటుంది, మీరూ ప్రేమిస్తున్నారు కదా. “నిన్ను కన్న అమ్మ పెంచలేకపోయింది. ఎందుకో మనకు తెలియదు. నువ్వు చేసిన తప్పేమీ లేదు” చాలు. “అన్ని నెలలు నన్నెవరూ తీసుకెళ్లలేదా?” అంటే చట్టమే జవాబు. జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం అప్పగించిన తల్లిదండ్రులకు మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుంది. దొరికిన పిల్లల విషయంలో కన్నవాళ్లను వెతకాలి. దత్తతకు అర్హులని తేల్చడానికి రెండేళ్లలోపు వారికి రెండు నెలలు, అంతకు పైబడితే నాలుగు నెలలు గడువు.

పాత దత్తతల కాగితాలతో ఇంకో జాగ్రత్త కావాలి. 1999, 2001 ప్రాంతాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల నుంచి పసిపిల్లలను కొని దత్తతకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. అప్పట్లో విదేశాలకు వెళ్లినవారు ఇప్పుడు పెద్దవాళ్లు, కొందరికి పిల్లలూ ఉన్నారు. అలాంటి ఫైళ్లున్నవారు “ఇలా జరిగింది” అని కాక “కాగితంలో ఇలా ఉంది” అని రాయడమే న్యాయం.

బంధువుల పిల్లలను దస్తావేజు ద్వారా దత్తత తీసుకున్న ఇళ్లలో రిపోర్టులేవీ ఉండవు. ఊరంతా తెలుసు, బిడ్డకు తప్ప. అక్కడ పుస్తకం కన్నా ముందు ఎవరు, ఏ మాటల్లో చెప్పాలో పెద్దలంతా కలిసి అనుకోవాలి. పెళ్లిలో ఎవరో నోరు జారి చెప్పేదాకా ఆగడం ఆ బిడ్డకు చేసే అన్యాయం.

ఇంటికొచ్చిన మొదటి ఆరు నెలలూ పుస్తకం జోలికి పోవద్దు. తిండి, నిద్ర, ఆట మాత్రమే. తనను తాను గాయపరచుకునే బిడ్డకు పుస్తకం మందు కాదు, పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. థెరపిస్టును ఎంచుకునేటప్పుడు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ చూడండి. తల్లిదండ్రులను ఎప్పుడూ బయటే కూర్చోబెట్టేవారిని నమ్మొద్దు. బిడ్డను బలవంతంగా పట్టి ఉంచి “కోపం బయటికి తీస్తాం” అనేవారి దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. అమెరికాలోని కొలరాడోలో 2000లో అలాంటి 'పునర్జన్మ' చికిత్సలో దుప్పట్లో చుట్టి అదిమిన పదేళ్ల దత్తత బాలిక ఊపిరాడక చనిపోయింది.

ఐదుకు నాలుగు ఇస్తాం. ఒకటి తగ్గించడానికి కారణం, ఇది తెలిసినవారి తోడు లేకుండా చేస్తే పెద్దల గాయాలే రేగి ఊరుకుంటాయి. కారా (దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నిబంధనల ప్రకారం దత్తత తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి ఇంటికొచ్చే సోషల్ వర్కర్‌తో పటం, పుస్తకం గురించి మాట్లాడొచ్చు. ఆ సందర్శనలను తనిఖీలుగా చూసి అంతా బాగుందని చెప్పి పంపేస్తే మంచి సాయం పోయినట్టే.

పద్దెనిమిదేళ్లు నిండాక మూలాల అన్వేషణకు, అంటే కన్నవారి గురించి తెలుసుకోవడానికి, బిడ్డ సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. అంతకు ముందైతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి. కన్నవారు గోప్యత కోరి ఉంటే వారి సమ్మతి లేకుండా వివరాలు రావు, ఆ మాట కూడా పుస్తకంలో ముందే ఉండాలి. ఒరిజినల్ కాగితాల కవరు ఏ బీరువాలో ఉందో ఫైలు చివరి పేజీలో బిడ్డ చదవగలిగేలా రాసి పెట్టండి.