కుమరకోం వెళ్లొచ్చాం: హౌస్‌బోటు, హోమ్‌స్టే, ఊరి టూరు, ఏది ఎంతవరకు?

కోనసీమ వాళ్లం కేరళ వెళ్తున్నామంటే నవ్వుతారు. మా అత్తయ్యగారైతే మొహం మీదే అనేశారు, కొబ్బరిచెట్లూ కాలవలూ చూడ్డానికి అంత దూరం పోవాలా అని. నాకు కావాల్సింది చెట్లు కాదు. పొలం, పడవ తప్ప ఇంకేం లేని ఇంటికి టూరిస్టు డబ్బు చేరేలా అక్కడి ప్రభుత్వం ఏం చేసిందో చూడాలని. మా తమ్ముడు గోదావరి లంకలో తోట పక్కన రెండు గదులు వేసి హోమ్‌స్టే పెడతానని ఏడాదిగా మా బుర్ర తింటున్నాడు లెండి.

రాజమండ్రిలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అలెప్పీ వెళ్తుంది. అక్కడి నుంచి బస్సులో ముహమ్మ, ముహమ్మ నుంచి ప్రభుత్వ జలరవాణా శాఖ బోటులో వెంబనాడ్ సరస్సు దాటితే కుమరకోం. ఆఫీసులకీ కాలేజీలకీ వెళ్లే జనంతో పాటు కూర్చుని, టీ ఖర్చుతో సరస్సు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వెళ్లిపోవచ్చు. హౌస్‌బోటుకి వేలు పోసే ముందు ఒకసారి ఇది ఎక్కి చూడండి.

హౌస్‌బోటు కూడా ఎక్కాం, పిల్లల గోల భరించలేక. మధ్యాహ్నం బయల్దేరుతుంది, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఒడ్డుకి కట్టేస్తారు, రాత్రిళ్లు జాలర్లు వలలు వేసుకోవాలి కాబట్టి. అది న్యాయమే. కానీ ఆ తర్వాత మీరు డబ్బు కట్టింది కట్టేసిన పడవలో పడుకోవడానికి. పగటి ట్రిప్ చాలు.

ఇక బస. కేరళలో టూరిజం శాఖ హోమ్‌స్టేలకి డైమండ్, గోల్డ్, సిల్వర్ అని గ్రేడులు ఇస్తుంది. ఆరు గదులు మించకూడదు, ఇంటివాళ్లు అక్కడే కాపురం ఉండాలి. మేం దిగిన మొదటి దాంట్లో గేటు మీద బోర్డు మెరిసిపోతోంది గానీ ఇంటివాళ్ల జాడ లేదు, ఫోన్ పట్టుకున్న మేనేజర్ ఒక్కడే, భోజనం బయట నుంచి పార్సెల్. మర్నాడే మారిపోయాం. రెండోచోట గదులు పాతవి, దోమలు ఉన్నాయి, గీజర్ వేశాక చాలాసేపు ఆగాలి. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే వెళ్తాం. పొద్దున్నే అప్పం, శనగల కూర, మధ్యాహ్నం కరిమీన్ చేప వేపుడు. అక్కడి మట్ట బియ్యం (ఎర్ర ముతక బియ్యం) అన్నం మా చిన్నది ముట్టకపోతే ఇంటావిడ ఏం మాట్లాడకుండా తెల్లన్నం వండి పెట్టింది. రేటు మొదటిదాని కన్నా తక్కువే. బుక్ చేసేముందు ఫోన్ చేసి ఒక్క మాట అడగండి, మీరు ఆ ఇంట్లోనే ఉంటారా అని. గ్రేడు కన్నా అది ముఖ్యం.

అసలు విశేషం ఊరి టూరు. రెస్పాన్సిబుల్ టూరిజం పేరుతో ఇది కుమరకోంలో 2008లో మొదలైంది. మొదట చేసింది టూరిస్టుల్ని ఊళ్లోకి తేవడం కాదు, ఊళ్లో పండిన కూరగాయల్ని హోటళ్లకి చేర్చడం. కుటుంబశ్రీ మహిళలు (మన డ్వాక్రా లాంటివే) పండిస్తే హోటళ్లు కొనాలి, ధర కమిటీ కూర్చుని తేలుస్తుంది. 2013 ఏడాదికి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ యులిసిస్ అవార్డు వచ్చింది కూడా ఈ పనికే. ఆ తర్వాత పక్కనున్న అయ్మనం, వైకోం దగ్గర మరవన్‌తురుత్తు లాంటి ఊళ్లకి పాకింది.

టూరులో చిన్న పడవలో కాలవల వెంట ఇంటింటికీ తిప్పుతారు. ఒక పెరట్లో కొబ్బరి పీచు తాడు పేనుతున్నారు. ఒకావిడ రాట్నం తిప్పుతుంటే ఇంకొకావిడ ఒళ్లో పీచు పెట్టుకుని వెనక్కి నడుస్తూ వేళ్లతో వదులుతోంది, పెరడు చివర అరటిచెట్టు తగిలేదాకా వెనక్కి చూడకుండా. నేనూ ప్రయత్నించాను, నాలుగడుగులకే తెగింది. మనం కట్టే ఫీజులోంచే ఆ ఇంటికి వాటా వెళ్తుంది, కాబట్టి చేతులు చాచడాల్లేవు, వస్తువులు అంటగట్టడాల్లేవు.

మన డెల్టా వాళ్లకి బాగా వింతగా అనిపించేది కుట్టనాడు (ఈ సరస్సు చుట్టూ ఉన్న పల్లపు ప్రాంతం) వరి. పొలం సముద్రమట్టం కన్నా కిందుంటుంది. మనం కాలవ నీళ్లు ఎప్పుడు వదుల్తారా అని చూస్తాం, వాళ్లు నీళ్లు తోడి బయటకి పోస్తే గానీ సాగు మొదలుపెట్టలేరు. నిలువు చెక్క పీపా, పక్కన పొడుగాటి చెక్క పెట్టె, బెల్టుతో మోటారు, ఇంతే ఆ పంపు. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ఈ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. రిసార్టు బాల్కనీలోంచి ఇది అర్థం కాదు, గట్టు మీద నడవాలి.

డబ్బు సంగతికొస్తే మన దగ్గరా దారులున్నాయి. 2025-26 కేంద్ర బడ్జెట్లో హోమ్‌స్టేలకి ముద్ర రుణాలు ప్రకటించారు. గిరిజన గ్రామాల్లో అయితే కొత్త గదులకి 5 లక్షల దాకా సాయం చేసే పథకం ఉంది, అరకు వైపు వాళ్లు కనుక్కోవాలి. కానీ లోను తెచ్చి గదులు కట్టినా వచ్చినవాణ్ణి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేయిస్తావు, పక్కింటి వాళ్లకి ఏం మిగులుతుంది అని అడిగితే మా తమ్ముడి దగ్గర జవాబు లేదు. అక్కడ ఆ పని చేసింది పంచాయతీ, మహిళా సంఘాలు. గదుల సంగతి తర్వాత, ముందు మీ ఊరి సంఘం లీడరుతో మాట్లాడమన్నాను. ముఖం మాడ్చుకున్నాడు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని చిన్న పడవ ఎక్కించకండి, కూర్చోవడమే కష్టం. హిందీ కన్నా ఇంగ్లిష్ నయం. మేం డిసెంబర్లో వెళ్లి కొట్టాయం స్టేషన్లో అయ్యప్ప స్వాముల రద్దీలో నలిగిపోయాం, మకరజ్యోతి దాటాక జనవరి చివర్లో పెట్టుకోండి, అప్పటికి వరి కూడా పచ్చగా ఉంటుంది.