సౌర చక్రాలను పోల్చడానికి ఏది మేలు: మచ్చల లెక్కా, జ్వాలల లెక్కా?

సూర్యుడి చురుకుదనం సుమారు పదకొండేళ్లకొకసారి పెరిగి తగ్గుతుందని చాలామందికి తెలుసు. అయితే ఒక చక్రంలో సౌర జ్వాలలు (సూర్యుడిపై ఉన్నట్టుండి జరిగే పేలుళ్లు) మరో చక్రంలోకన్నా ఎక్కువా, తక్కువా అని తేల్చవలసి వచ్చినప్పుడు మన ముందు ముఖ్యంగా రెండు కొలబద్దలుంటాయి. మొదటిది, 1755లో మొదలైన ఒకటో చక్రం నుంచి లభిస్తున్న సౌర మచ్చల సంఖ్య. రెండోది, 1970ల నడుమ నుంచి అమెరికావారి గోస్ అనే వాతావరణ ఉపగ్రహాలు నమోదు చేస్తున్న ఎక్స్-కిరణ జ్వాలల జాబితా.

మచ్చల సంఖ్యకున్న బలం దాని వయసు. 1859 సెప్టెంబరు 1న ఆంగ్ల ఖగోళ శాస్త్రవేత్త కారింగ్టన్ దూరదర్శినితో చూసిన మహాజ్వాల పదో చక్రంలోనిది. ఆ చక్రం ఎంత చురుకైనదో చెప్పగలిగేది ముఖ్యంగా మచ్చల లెక్కే. మన కొడైకెనాల్ వేధశాలలో 1904 నుంచి తీస్తున్న సూర్యుడి ఛాయాచిత్రాలు ఇలాంటి పాత లెక్కలను సరిచూసుకోవడానికి ఎంతో విలువైనవి.

కానీ ఆ సంఖ్యను కట్టే తీరు చూడండి. స్విస్ ఖగోళ శాస్త్రవేత్త రుడాల్ఫ్ వోల్ఫ్ సూత్రం ప్రకారం గుంపుల సంఖ్యను పదితో హెచ్చవేసి, దానికి విడి మచ్చల సంఖ్యను కలపాలి. ఏడు చోట్ల ఒక్కొక్క మచ్చ చొప్పున ఉంటే (ఒంటరి మచ్చా ఒక గుంపుకిందే లెక్క) 77 వస్తుంది. అరవై మచ్చలు చిక్కుపడిన ఒకే పెద్ద గుంపు ఉంటే 70 మాత్రమే వస్తుంది. ఆ ఏడు ఒంటరి మచ్చలు రోజుల తరబడి నిశ్శబ్దంగా ఉండిపోవచ్చు. వ్యతిరేక అయస్కాంత ధ్రువాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న పెద్ద గుంపు మాత్రం, 2024 మే నెలలో 13664 అనే ప్రాంతం చేసినట్టు, కొద్ది రోజుల్లోనే అనేక ఎక్స్ తరగతి జ్వాలలను వెదజల్లగలదు. (తీవ్రత పెరిగే క్రమంలో జ్వాలలకు ఎ, బి, సి, ఎం, ఎక్స్ అనే తరగతులున్నాయి. ఒక్కో తరగతి ముందుదానికి పదింతలు; పక్కనున్న అంకె ఆ తరగతి కనీస తీవ్రతకు ఎన్ని రెట్లో చెబుతుంది.) కాలం విషయంలోనూ తేడా ఉంది. 23వ చక్రం శిఖరం 2001లో రాగా మహాజ్వాలలు 2003 అక్టోబరు, నవంబరుల్లో వచ్చాయి. 24వ చక్రం శిఖరం 2014లో రాగా దాని అతిపెద్ద జ్వాల 2017 సెప్టెంబరు 6న వచ్చింది.

జ్వాలల జాబితా నేరుగా జ్వాలలనే కొలుస్తుంది గనుక మన ప్రశ్నకు దగ్గరిది. అయినా దాన్ని ఉన్నదున్నట్టు వాడకూడదు. గోస్-15 వరకు ప్రకటించిన తీవ్రతలు అసలు విలువలో 0.7 వంతు మాత్రమే. గోస్-16 నుంచి అసలు విలువలే ప్రకటిస్తున్నారు. కాబట్టి పాత జాబితాలోని ఎం7 నేటి కొలతలో ఎక్స్1 అవుతుంది. 2017లో ఎక్స్9.3గా ప్రకటించిన జ్వాల నేటి లెక్కలో సుమారు ఎక్స్13.3. 2024 అక్టోబరు 3నాటి ఎక్స్9.0 దాని సరసన నిలిచేదే అనుకోవడం పొరపాటు. ఈ సవరణ లేకుండా ఎక్స్ జ్వాలలను లెక్కించి 24వ చక్రంకన్నా 25వది ఎన్నో రెట్లు ఉధృతమైనదని రాసేవారు, కొలబద్ద మార్పును సూర్యుడికి అంటగడుతున్నారు.

ఏ తరగతిని లెక్కించాలన్నది మరో మెలిక. జ్వాలలు ఘాత నియమాన్ని అనుసరిస్తాయి: తీవ్రత పదోవంతుకు తగ్గితే సంఖ్య సుమారు పదింతలు పెరుగుతుంది, ఈ నిష్పత్తి చక్రంతో పాటు పెద్దగా మారదు. అందువల్ల చిన్నవాటిని లెక్కిస్తే సంఖ్యాబలం దండిగా ఉంటుందనిపిస్తుంది. కానీ శిఖర దశలో సూర్యుడి సాధారణ ఎక్స్-కిరణ కాంతే బి, ఒక్కోసారి సి స్థాయికి చేరి చిన్న జ్వాలలను మింగేస్తుంది. అంటే అవి ఎక్కువగా ఉండవలసిన కాలంలోనే తక్కువగా నమోదవుతాయి. ఇక ఎక్స్ తరగతి మరీ అరుదు. చక్రానికి యాభై వచ్చాయనుకుంటే యాదృచ్ఛిక ఊగిసలాటే ఏడు వరకు ఉంటుంది. ఒకే గుంపు నుంచి వరుసగా వస్తాయి గనుక నిజానికి ఇంకా ఎక్కువే.

1947 నుంచి కెనడాలో కొలుస్తున్న 10.7 సెంటీమీటర్ల రేడియో ప్రసరణ కూడా ఉంది. మబ్బులు అడ్డురావు, మనిషి కంటి తేడా లేదు. కానీ అదీ మచ్చల సంఖ్యలాగే సాధారణ చురుకుదనాన్నే చెబుతుంది.

కనుక 1976లో మొదలైన 21వ చక్రం నుంచి పోల్చేవారికి నా సలహా ఇది: పాత విలువలను 0.7తో భాగించి, ఎం తరగతిని, అంతకు పైవాటిని లెక్కించండి. అంతకు ముందరి చక్రాలకు మచ్చల సంఖ్యను వాడండి, కానీ దాని నుంచి మహాజ్వాలల సంఖ్యను ఊహించకండి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లో సోలెక్స్, హీలియోస్ పరికరాలు ఎక్స్-కిరణ జ్వాలలను విడిగా కొలుస్తున్నాయి. 25వ చక్రానికి సంబంధించినంత వరకు గోస్ లెక్కలను వాటితో సరిచూసుకోవచ్చు.