వెస్ట్ మాంబళం బిందెలు, సింగపూర్ కొళాయి

సింగపూర్‌లో మేము దిగిన హోటల్ గదిలో, కొళాయి పక్కన ఈ నీళ్ళు తాగవచ్చని ఒక చిన్న చీటీ అంటించి ఉంది. అమ్మ దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది. గ్లాసు పట్టి, వాసన చూసి, చివరికి ఒక గుక్క తాగింది. చెన్నై వెస్ట్ మాంబళంలో నలభై ఏళ్ళ కాపురంలో కాచి చల్లార్చిన నీళ్ళో, క్యాను నీళ్ళో తప్ప ఆమె తాగి ఎరుగదు. ఆ అయిదు రోజుల్లో ఎన్నో చూశాం కానీ, నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ గుక్కే.

2019 వేసవిని చెన్నైలో గడిపినవాళ్ళకు నా మాట వెంటనే అర్థమవుతుంది. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు ఎండిపోయాయి. మెట్రో వాటర్ లారీ ఎప్పుడు వస్తుందో తెలియక వీధి పొడవునా రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరుసలో కూర్చునేవి. మా అపార్ట్‌మెంట్ సంపు అడుగున బురద కనిపించింది. బట్టలు వారానికొకసారి ఉతికాం. బియ్యం కడిగిన నీళ్ళు తులసికోటకు పోశాం.

సింగపూర్‌కు మన చెన్నైకన్నా వాన ఎక్కువే. ఏడాదికి సుమారు 2,400 మిల్లీమీటర్లు, అదీ అన్ని నెలల్లోనూ కురుస్తుంది. మనకు దాదాపు 1,400, అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. అయినా ఆ చిన్న దీవికి తన వాన చాలదు. మలేసియాలోని జొహోర్ నుంచి నీళ్ళు కొంటుంది. 1962 నాటి ఒప్పందం ప్రకారం రోజుకు 25 కోట్ల గ్యాలన్ల దాకా తీసుకోవచ్చు. ఆ గడువు 2061తో ముగుస్తుంది. ఈ సంగతి చెప్పగానే అమ్మ, "మనకు కండలేరు నుంచి వచ్చినట్టేనన్నమాట" అంది. ఆమె పుట్టిల్లు నెల్లూరు వైపు రాపూరు. 1983లో ముఖ్యమంత్రులు ఎన్.టి. రామారావు, ఎం.జి.ఆర్. కలిసి తలపెట్టిన తెలుగుగంగ నీళ్ళు ఆ కండలేరు జలాశయం నుంచే కాలువలో పూండికి చేరతాయి. తన ఊరి నీళ్ళు తన వెంటే వచ్చాయని అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

మూడో రోజు సాయంత్రమంతా మరీనా బ్యారేజ్ దగ్గరే ఉన్నాం. సింగపూర్ వెళ్ళేవాళ్ళు ఒక షాపింగ్ మాల్ మానుకుని అయినా ఇది చూడాలని నా గట్టి సలహా. లోపలికి టికెట్ లేదు. నది సముద్రంలో కలిసే చోట తొమ్మిది ఉక్కు గేట్లు కట్టి, 2008లో నగరం నడిబొడ్డునే మంచినీటి జలాశయం చేసుకున్నారు. కుండపోత వాన వచ్చినప్పుడు సముద్రం పాటులో ఉంటే గేట్లు తెరుస్తారు, పోటులో ఉంటే పంపులతో నీటిని తోడి పోస్తారు. కట్టడం పైకప్పు మీద పచ్చిక, దాని మీద గాలిపటాలు ఎగరేస్తున్న పిల్లలు. చెన్నైలో నేపియర్ వంతెన మీద బస్సులో వెళ్తూ కూవం వాసనకు ముక్కు మూసుకున్న రోజులు తలచుకుని నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. అది కూడా నదే కదా!

మనకు తెలియక కాదు. ప్రతి ఇంటా వాననీటి గుంత ఉండాలని 2003లోనే తమిళనాడులో నియమం పెట్టారు. మా అపార్ట్‌మెంట్‌లోనూ తవ్వారు. ఆ తర్వాత దాని మూత ఎవరూ తీయలేదు. సింగపూర్‌లో నన్ను కదిలించింది పెద్ద కట్టడం కాదు, కట్టినదాన్ని రోజూ చూసుకునే ఓపిక.

బస సంగతి చెప్పాలంటే, సెరంగూన్ రోడ్డు పక్క సందులో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ కిటికీ లేదు. పగలో రాత్రో తెలియక అమ్మకు ఊపిరాడలేదు. గది తీసుకునే ముందు కిటికీ ఉందా అని తప్పక అడగండి. టెక్కా సెంటర్‌లో దోసె, అన్నం దొరకడంతో తిండికి ఇబ్బంది పడలేదు. తిన్న పళ్ళెం మనమే తీసి పెట్టాలి. మెట్రో రైలుంటే టాక్సీ అక్కరలేదు. నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి కాబట్టి, చాలా బోర్డులు అమ్మ తానే చదివి నాకు దారి చూపించింది.

అయితే అయిదు రోజుల్లో ఎవరూ మమ్మల్ని తమంతట తాము పలకరించలేదు. మాంబళంలో పూలమ్మాయి మూర మల్లెలు కొలుస్తూనే అమ్మ మోకాలి నొప్పి గురించి అడుగుతుంది. కాఫీపొడి కొట్టాయన మా ఇంటి చికోరీ పాళ్ళు చెప్పకుండానే కలుపుతాడు. సింగపూర్‌లో స్థిరపడతావా అని ఎవరైనా నన్ను అడిగితే, ఈ పలకరింపుల కోసమే వద్దంటాను.

తిరిగి వచ్చిన రెండో ఆదివారం, అమ్మ పై అంతస్తువాళ్ళందరినీ కిందికి పిలిచింది. గుంత మూత తీయించి, పూడిన ఇసుక, ఆకులు పదకొండు బక్కెట్లు తోడించింది. అక్టోబరులో మొదటి పెద్ద వాన కురిసిన రాత్రి నిద్ర మానుకుని, గొడుగు పట్టుకుని ఆ గుంత పక్కనే నిలబడింది. మేడ మీది నీళ్ళు గొట్టంలోంచి సుడులు తిరుగుతూ లోపలికి దిగుతుంటే, నన్ను కూడా పిలిచి చూపించింది.