ఆరేళ్లుగా వాడుతున్న చవక మదర్‌బోర్డు: నా అనుభవం

2019 చివర్లో మొదటిసారి సొంతంగా కంప్యూటర్ బిగించుకున్నాను. ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి నెలల తరబడి చదివాను. మిగతా భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు దగ్గరికి వచ్చేసరికి డబ్బులూ అయిపోయాయి, ఓపికా అయిపోయింది. బీ450 చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను కలిపే చిప్) ఉన్న మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు బోర్డుల్లో ధర ప్రకారం కింద నుంచి రెండోది తీసుకున్నాను. అన్నిటికన్నా చవకది కొనడానికి మనసు ఒప్పలేదు, అంతకుమించి కారణం ఏమీ లేదు. ఆ బోర్డే ఇప్పటికీ నా టేబుల్ కింద నడుస్తోంది. మధ్యలో ప్రాసెసర్ మారింది, ర్యామ్ పెరిగింది, గ్రాఫిక్స్ కార్డు రెండుసార్లు మారింది. కంపెనీ పేరు చెప్పను. ఆ మోడల్ ఇప్పుడు దొరకదు కాబట్టి చెప్పినా ఎవరికీ ఉపయోగం ఉండదు.

మొదటి రోజే ఏడిపించింది. అన్నీ బిగించి స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాలేదు. సాయానికి వచ్చిన మా పిన్ని కొడుకు "అక్కా, కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టావా, బోర్డుకి పెట్టావా?" అని నాలుగుసార్లు అడిగాడు. ర్యామ్ తీసి పెట్టాం, ఒక స్టిక్‌తో చూశాం, ప్రాసెసర్ పవర్ కేబుల్ పీకి మళ్లీ గుచ్చాం. రాత్రి పదకొండు దాటాక తట్టింది అసలు సంగతి. నేను కొన్న ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 3600 మార్కెట్లోకి వచ్చింది 2019 జులైలో. బీ450 బోర్డులు వచ్చింది 2018 జులైలో. నా బోర్డు ఆ మధ్యలో తయారై ఎక్కడో గోడౌన్‌లో కూర్చున్న సరుకు. అందులో ఉన్న బయోస్‌కి (ఆన్ చేయగానే కంప్యూటర్‌ని లేపే సాఫ్ట్‌వేర్) ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు. పెట్టె మీద 'రైజెన్ 3000 డెస్క్‌టాప్ రెడీ' అనే స్టిక్కర్ ఉందో లేదో చూసుకోవాలని అప్పటికి నాకు తెలియదు. ఒక ఫ్రెండ్ దగ్గర పాత రైజెన్ 3 1200 అడిగి తెచ్చి, దాన్ని పెట్టి, పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేసి, మళ్లీ నాది పెట్టుకున్నాను. రెండు రోజులు పోయాయి.

కొన్ని బోర్డుల వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అనే చిన్న బటన్ ఉంటుంది. ప్రాసెసర్ లేకపోయినా పెన్‌డ్రైవ్ గుచ్చి ఆ బటన్ నొక్కితే అప్‌డేట్ అయిపోతుంది. నేను వదిలేసిన ఇంకో బోర్డుకి అది ఉంది. దానికి రంగుల లైట్లు లేవని పక్కన పెట్టాను. నవ్వుకోండి, పర్లేదు.

ఇన్నాళ్లు వాడాక చవక బోర్డులను నేను చూసే పద్ధతే మారిపోయింది. ఇప్పుడు రెండే లెక్కలు. లేకపోతే తర్వాత తగిలించుకోగలిగేవి ఒక వైపు, ఎంత కావాలన్నా తగిలించుకోలేనివి ఇంకో వైపు. వైఫై మొదటి రకం. నా బోర్డులో లేదు, యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకున్నాను. సౌండ్ కూడా అంతే. కేస్ ముందున్న జాక్‌లో హెడ్‌ఫోన్ పెడితే మౌస్ కదిలించినప్పుడల్లా సన్నగా గుర్రుమనేది, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుతో ఆ గొడవ పోయింది. మూడో ఏడాది ఒక ఉరుముల రాత్రి తర్వాత ఇంటర్నెట్ కేబుల్ గుచ్చే ల్యాన్ పోర్టు చచ్చిపోయింది. దానికీ యూఎస్‌బీ అడాప్టర్ దొరికింది. ఇలాంటి వాటి కోసం బోర్డు మీద ఎక్కువ పెట్టి కొనడం దండగనే అంటాను.

తగిలించుకోలేని వాటిలో మొదటిది వీఆర్‌ఎం. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావాల్సిన ఒకటింబావు వోల్టు చుట్టుపక్కలకు దించే భాగం ఇది. ప్రాసెసర్ సాకెట్‌కి ఎడమ పక్కన, పైన వరసగా ఉండే చిన్న నల్ల బిళ్లలు, వాటి పక్కన బూడిదరంగు ఘనాలు, అవే. పెట్టె మీద 65 వాట్లు అని ఉన్న రైజెన్ కూడా పూర్తి లోడ్ మీద 88 వాట్ల దాకా లాగుతుంది. అంత తక్కువ వోల్టేజీ దగ్గర అది 60-70 ఆంపియర్ల కరెంటు మాట. ఆ వేడి ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. నా బోర్డుకి ఎడమ వరస మీద వేడిని లాగేసే అల్యూమినియం హీట్‌సింక్ ఉంది, పై వరస బోసిగా ఉంది. మా పిన్ని కొడుకు నా తర్వాత ఆరు నెలలకు అదే చిప్‌సెట్‌తో అన్నిటికన్నా చవక బోర్డు కొన్నాడు. దానికి ఎక్కడా హీట్‌సింక్ లేదు. ఆరు కోర్ల (కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే భాగం) ప్రాసెసర్‌తో ఆటలాడినన్నాళ్లు ఇద్దరికీ తేడా తెలియలేదు.

తేడా తెలిసింది 2022లో. ఇద్దరం ఎనిమిది కోర్ల రైజెన్ 7 5700ఎక్స్‌కి మారాం. వీడియో రెండర్ పెడితే నాది అరగంట దాటినా 4 గిగాహెర్ట్జ్ వేగం దగ్గర స్థిరంగా ఉండేది. వాడిది పదిహేను నిమిషాలు బాగానే పరుగెత్తి, తర్వాత 3 కిందికి జారిపోయేది, మళ్లీ లేచేది, మళ్లీ పడేది. ప్రాసెసర్ వేడి మాత్రం మామూలుగానే కనిపించేది. కూలర్ మార్చాడు, కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య రాసే పేస్ట్ మార్చాడు, విండోస్ కూడా మళ్లీ ఎక్కించాడు. చివరికి కేస్ తలుపు తీసి, ఆ నల్ల బిళ్లల దగ్గర వేలు పెట్టబోయి వెనక్కి లాక్కున్నాడు. ఒక పాత ఫ్యాన్‌ని జిప్ టై తో వాటి ఎదురుగా కట్టాక కుదురుకుంది. ఇప్పటికీ అలాగే వేలాడుతూ ఉంది. ఆటలకు, ఆఫీసు పనికి మాత్రమే అయితే ఆ బోర్డు చాలు. గంటల తరబడి అన్ని కోర్లూ పనిచేసే అవసరం ఉన్నవాళ్లు హీట్‌సింక్ లేని బోర్డు జోలికి పోవద్దు.

అసలు 2019 బోర్డులో 2022 ప్రాసెసర్ పనిచేయడమే ఈ బోర్డు మీద నాకున్న ప్రేమకు కారణం. అదీ ఊరికే రాలేదు. 2020 మేలో ఏఎండీ ముందు బీ450 మీద 5000 సిరీస్ ప్రాసెసర్లు నడవవని చెప్పింది, బయోస్ చిప్‌లో చోటు చాలదన్నది వాళ్ల వాదన. కొన్నవాళ్లందరూ గొడవ చేశాక అదే నెలలో మాట మార్చుకుంది. నా బోర్డులో ఉన్నది 16 ఎంబీ చిప్పే. కొత్త ప్రాసెసర్‌కి చోటు చేయడానికి బోర్డు కంపెనీ రంగుల మెనూ తీసేసి, సాదా మెనూతో బయోస్ ఇచ్చింది. నాకేమీ బాధ కలగలేదు.

ప్రాసెసర్ మార్చిన రోజు గురించి చెప్పాలి. కూలర్ క్లిప్ వదులు చేసి నిటారుగా పైకి లాగాను. టప్ మని శబ్దం వచ్చి కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేసింది. సాకెట్ లివర్ వేసే ఉంది! ఎండిన పేస్ట్ దాన్ని బంకలా పట్టుకుంది. నా బోర్డు సాకెట్ రకం పేరు ఏఎం4, దాని ప్రాసెసర్‌కి అడుగున 1331 పిన్నులు ఉంటాయి. ఒక మూలన మూడు వంగి పోయాయి. లీడ్ పెట్టని మెకానికల్ పెన్సిల్ మొన లోపలికి ఒక్కో పిన్ను దూర్చి, ఊపిరి బిగబట్టి నిలబెట్టాను. బతికింది. ఇప్పుడు అది మా చెల్లెలి కంప్యూటర్లో ఉంది. మీరు మాత్రం ఓ పది నిమిషాలు ఏదైనా బరువైన పని నడిపి, పేస్ట్ వేడెక్కాక షట్‌డౌన్ చేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి. ఏఎండీ తర్వాతి సాకెట్ ఏఎం5లో, ఇంటెల్ సాకెట్ ఎల్‌జీఏ1700లో పిన్నులు బోర్డు వైపే ఉంటాయి కాబట్టి ప్రాసెసర్‌కి ఈ బాధ లేదు. కానీ అక్కడ సాకెట్ పిన్ను వంగితే పోయేది బోర్డు.

బోర్డు లోపాలూ ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డ్రైవ్) నేరుగా గుచ్చే ఎం.2 స్లాట్ ఒక్కటే. రెండో ఎస్‌ఎస్‌డీ కోసం కింది చిన్న స్లాట్‌లో అడాప్టర్ కార్డు పెడదామనుకున్నాను. చిప్‌సెట్ నుంచి వచ్చే ఆ స్లాట్ పీసీఐఈ 2.0 (కార్డుల స్లాట్లలో పాత తరం), అదీ ఒక్క లేన్, అంటే డేటాకి ఒక్కటే దారి. సెకనుకు 500 ఎంబీ దాటదు. సరే అదైనా పెడదామంటే, రెండున్నర స్లాట్ల మందం ఉన్న గ్రాఫిక్స్ కార్డు దాని మీద పరుచుకుని కూర్చుంది. హార్డ్ డిస్కులు తగిలించే నాలుగు సాటా పోర్టుల్లో రెండు కూడా ఆ కార్డు కిందే. కొనేముందు బోర్డు ఫొటో మీద కార్డు మందం ఎంతవరకు వస్తుందో వేలితో కొలుచుకుని ఉంటే సరిపోయేది. ఫ్యాన్ కనెక్టర్లు, ప్రాసెసర్‌ది కాకుండా ఒక్కటే ఇచ్చారు. ఒకటి రెండుగా చీలే వై కేబుల్‌తో సరిపెట్టాను.

ర్యామ్‌కు నాలుగు స్లాట్లు ఉండాలా అంటే, ఉంటే మంచిదే, మరీ పట్టు పట్టక్కర్లేదు. ముందు 8 జీబీ రెండు పెట్టాను, 3200 వేగంలో హాయిగా నడిచాయి. తర్వాత ఇంకో రెండు కలిపితే 3200 దగ్గర రెండ్రోజులకోసారి విండోస్ ఆగిపోయి నీలి తెర. 2933కి దించాక మళ్లీ కనపడలేదు. ముందే 16 జీబీ రెండు కొనుక్కుని ఉంటే రెండు స్లాట్ల బోర్డు కూడా సరిపోయేది. ఇంటెల్‌లో చవక చిప్‌సెట్ హెచ్610 ఉన్న బోర్డులకు ఎలాగూ రెండే ఉంటాయి.

ఇప్పుడు కొనేవాళ్లకు నేనైతే ఏఎం5 వైపే చెబుతాను, ముందు ముందు ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకునే వీలు కోసం. అందులో చవక చిప్‌సెట్ ఏ620లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పెట్టిన వేగం దాటించడం) ఉండదు, నాకు ఆ పిచ్చి లేదు. కానీ ఏ620 బోర్డుల్లో హీట్‌సింక్ లేనివి చాలా ఉన్నాయి, ఫొటో పెద్దది చేసి చూడండి. ఇంకో మాట, ఏఎం5 వాడే డీడీఆర్5 ర్యామ్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్ (ర్యామ్‌కి తగిన సెట్టింగులు బోర్డు వెతుక్కోవడం) కోసం స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. బోర్డు పోయిందని టెన్షన్ పడి మధ్యలో స్విచ్ ఆపకండి.

నా బోర్డు పోయిన నెల మళ్లీ ఒకసారి విప్పించింది. ఆన్ చేసినప్పుడల్లా గడియారం వెనక్కి పోయేది. సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందని తెలుస్తూనే ఉంది, అది ఉన్నది మాత్రం గ్రాఫిక్స్ కార్డు కింద. కార్డు పీకి, బిళ్ల మార్చి, కార్డు పెట్టి, తేదీ సరిచేసి మూసేశాను. బయోస్ సెట్టింగులన్నీ చెరిగిపోయాయని, ర్యామ్ 2133లో నడుస్తోందని నాలుగో రోజు చూసుకున్నాను. ఆ మూడు రోజులూ నాకు ఏ తేడా తెలియలేదు, అది వేరే సంగతి.