నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూ: టీమ్ సంగతి మూడో రౌండ్‌లోనే తెలిసిపోయింది

ఈమధ్య ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో బ్యాకెండ్ పోస్టుకి నాలుగు రౌండ్లు అటెండ్ అయ్యాను. పేరు చెప్పను గానీ వాళ్ళ ఇంటర్వ్యూ ఎలా సాగిందో రాస్తున్నా, జాబ్ వెతుక్కునేవాళ్ళకి పనికొస్తుంది. నా రేటింగ్ 5కి 2.

మొదటిది రిక్రూటర్ కాల్, బాగానే మాట్లాడింది, అన్న టైమ్‌కే చేసింది. ఆ రెండు మార్కులూ ఆవిడవే.

రెండోది కోడింగ్. ఇంటర్వ్యూ చేసినాయన కెమెరా ఆన్ చెయ్యలేదు, పేరు కూడా చెప్పలేదు, బైనరీ ట్రీ (డేటాని కొమ్మల్లా అమర్చే పద్ధతి) మీద ప్రశ్న ఒకటి పేస్ట్ చేసి 30 నిమిషాలు అని మ్యూట్ అయిపోయాడు. ఇన్‌పుట్ ఖాళీగా వస్తే ఏం చెయ్యమంటారు అని అడిగితే "మీ ఇష్టం" అన్నాడు. రేపు చేరాక రిక్వైర్‌మెంట్ అర్థం కాక అడిగినా ఇదే జవాబు కదా వచ్చేది అనిపించింది.

మూడో రౌండ్‌లో ముగ్గురు. మళ్ళీ అదే ట్రీ ప్రశ్న, అంటే ఒకరి నోట్స్ ఇంకొకరు చూడరన్నమాట. తర్వాత విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయని పజిల్. సరిగ్గా ఈ ప్రశ్ననే ఉదాహరణగా చెప్పి ఇవన్నీ టైమ్ వేస్ట్, అడిగేవాడికి నేను తెలివైనవాణ్ణి అనిపించడానికి తప్ప దేనికీ పనికిరావని అప్పట్లో గూగుల్‌లో హెచ్‌ఆర్ చూసిన లాస్లో బాక్ 2013లోనే అన్నాడు, ఇంకా అడుగుతున్నారు!

చివర్లో నా వంతు వచ్చింది. లాస్ట్ టైమ్ ప్రొడక్షన్, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్, డౌన్ అయినప్పుడు ఏం చేశారు అని అడిగా. పక్కన కూర్చున్న జూనియర్ అమ్మాయి నోరు తెరిచి "ఆ రోజు రాత్రి..." అని మేనేజర్ వైపు చూసి ఆగిపోయింది, ఆయన అందుకుని మా దగ్గర అలాంటివి పెద్దగా జరగవు అన్నాడు. ఆ అమ్మాయి మళ్ళీ మాట్లాడలేదు. నాకు అక్కడే మనసు విరిగిపోయింది.

ఇంకో కంపెనీలో దీనికి పూర్తిగా రివర్స్. గంట పడుతుంది, ఏం అడుగుతాం అని ముందే మెయిల్ చేశారు, వాళ్ళ కోడ్‌లోంచే చిన్న బగ్ ఇచ్చి పక్కనే కూర్చున్నారు, ఒకచోట ఇద్దరం ఇరుక్కుపోతే "ఇది నాకూ తెలీదండీ, డాక్స్ చూద్దాం" అని ఆయనే ఓపెన్ చేశాడు. అందరికీ అవే ప్రశ్నలు, అదే కొలత అని కూడా చెప్పారు. 2022లో పాల్ సాకెట్ అనే సైకాలజిస్ట్ టీమ్ ఉద్యోగులని ఎంచుకునే పద్ధతుల మీద పాత స్టడీలు మళ్ళీ లెక్కకట్టినప్పుడు కూడా పనితనాన్ని అన్నిటికంటే బాగా అంచనా వేసినవి ఇలాంటి పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూలే, నోటికొచ్చింది అడిగేవి చాలా వెనకబడ్డాయి.

మొదటి కంపెనీ నాలుగో రౌండ్ తర్వాత మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత ఆఫర్ పంపి రేపు ఉదయానికల్లా చెప్పమన్నారు. ఆ రాత్రే వద్దని మెయిల్ పెట్టేశా. మీరు వెళ్తే మాత్రం ఆ డౌన్ ప్రశ్న మేనేజర్‌ని కాదు, జూనియర్‌ని పేరు పెట్టి అడగండి.