సొంత లాప్‌టాప్‌లో డిస్టిలేషన్ కాలమ్: డీడబ్ల్యూసిమ్‌తో నా ఒక సెమిస్టర్

బీటెక్ కెమికల్ మూడో సంవత్సరం రెండో సెమిస్టర్‌లో మాకు ప్రాసెస్ మోడలింగ్ అండ్ సిమ్యులేషన్ సబ్జెక్టు. ల్యాబ్‌లో డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఉంది, కానీ లైసెన్సులు తక్కువ. ఒక్కో సిస్టమ్ ముందు ముగ్గురం. మౌస్ ఒకరి చేతిలో ఉంటుంది, మిగిలిన ఇద్దరం చూసి రికార్డు రాసుకుంటాం. నాలుగు వారాలు అలా గడిచేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. రికార్డు నిండా ఫ్లోషీట్లు (ప్లాంటులోని పరికరాలు, వాటిని కలిపే పైపుల బొమ్మలు) ఉన్నాయి, నా చేత్తో కట్టింది ఒక్కటీ లేదు. అప్పుడు హాస్టల్లో మా సీనియర్ అక్క చెప్పింది, "డీడబ్ల్యూసిమ్ వేసుకోవే, ఉచితమే" అని.

బ్రెజిల్‌కు చెందిన డేనియల్ మెదీరోస్ అనే కెమికల్ ఇంజనీరు మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాసెస్ సిమ్యులేటర్ ఇది, అంటే ప్లాంటును కంప్యూటర్‌లోనే కట్టి లెక్కలతో నడిపి చూసే సాఫ్ట్‌వేర్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. మన దేశంలో ఐఐటీ బాంబేలోని ఫాసీ ప్రాజెక్టు దీన్ని కాలేజీల్లోకి తీసుకొస్తోంది. విద్యార్థులు కట్టిన ఫ్లోషీట్లను వాళ్ల దగ్గర ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నాది నాన్న సికింద్రాబాద్ సీటీసీలో కొనిచ్చిన సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. అందులో ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

ఇక అసలు విషయం. కొత్త ఫైల్ తెరవగానే ఇది రెండు ప్రశ్నలు వేస్తుంది: ఏయే పదార్థాలు, ఏ ప్రాపర్టీ ప్యాకేజీ (ఆ పదార్థాలు కలిసినప్పుడు ఎలా ప్రవర్తిస్తాయో లెక్కగట్టే సమీకరణాలు)? మొదటిదానికి జవాబు అందరికీ తెలుసు. రెండోదాని దగ్గరే నేను ఈ సబ్జెక్టు నేర్చుకున్నాను.

మాకు ఇచ్చిన అసైన్‌మెంట్ డిస్టిలేషన్ కాలమ్‌లో, అంటే మరిగించి ఆవిరిని పైకి పంపుతూ ద్రవాలను విడదీసే టవర్‌లో, ఇథనాల్, నీళ్లు వేరుచేయడం. గంటకు 100 కిలోమోల్స్ ఫీడ్, అందులో 10 మోల్ శాతం ఇథనాల్. పైనుంచి గంటకు 10 కిలోమోల్స్ తీయాలి. జాబితాలో పేరు తెలిసింది కదా అని రౌల్ట్స్ లా (మిశ్రమం ఆదర్శంగా ప్రవర్తిస్తుందని అనుకునే పద్ధతి) ఎంచుకున్నాను. 30 స్టేజీలు (లోపల ఆవిరి, ద్రవం కలిసే అంతస్తులు), రిఫ్లక్స్ నిష్పత్తి (పైనుంచి తీసేదానికి ఎన్ని రెట్లు కాలమ్‌లోకి వెనక్కి పంపుతామో) 10 పెట్టి రన్ చేస్తే డిస్టిలేట్‌లో, అంటే పైనుంచి తీసినదానిలో, 98 మోల్ శాతం ఇథనాల్ వచ్చింది. లెక్కలన్నీ కన్వర్జ్ అయ్యాయి (ఒక జవాబు దగ్గర స్థిరపడ్డాయి), మెటీరియల్ బ్యాలెన్స్ సరిపోయింది, ఎక్కడా ఎర్రర్ లేదు. సంబరంగా ప్రింట్ తీసుకెళ్లాను.

మేడమ్ కాగితం చూసి ఒకే మాట అడిగారు. "ఏమ్మా, ఉత్త కాలమ్‌తోనే ఇంత వచ్చేస్తే, మనం డిస్టిలరీలో చూసిన ఆ మాలిక్యులర్ సీవ్‌లు వాళ్లకెందుకు మరి?"

అంతకు ముందు సెమిస్టరే ఇండస్ట్రియల్ విజిట్‌కి ఒక చక్కెర ఫ్యాక్టరీ డిస్టిలరీకి వెళ్లాం. మడ్డి నుంచి వచ్చిన స్పిరిట్‌ను కాలమ్‌లో ఎంత లాగినా బరువులో 95 శాతం దగ్గర ఆగిపోతుందని, పెట్రోల్లో కలపడానికి నీళ్లు దాదాపు లేని ఇథనాల్ కావాలి కాబట్టి మిగిలిన నీటిని జియోలైట్ గుళికలున్న టవర్లలో తీస్తారని అక్కడి ఆపరేటర్ చెప్పాడు. ఆ టవర్ల పక్కన నిలబడి ఫొటో కూడా దిగాను. ప్యాకేజీ ఎంచుకునేటప్పుడు అది గుర్తుకే రాలేదు.

ఆ రాత్రి గదిలో ఒక్కటే మార్చాను. రౌల్ట్స్ లా తీసేసి, అణువుల మధ్య ఆకర్షణ తేడాలను కూడా లెక్కలోకి తీసుకునే ఎన్‌ఆర్‌టీఎల్ పెట్టాను. కాలమ్ అదే, రిఫ్లక్స్ అదే. డిస్టిలేట్ 89 మోల్ శాతం దాటలేదు (బరువులో చూస్తే ఆపరేటర్ చెప్పిన ఆ 95 శాతమే). స్టేజీలు 50 చేశాను, రిఫ్లక్స్ 15 చేశాను, అయినా కదల్లేదు. తర్వాత రెండు ప్యాకేజీలతోనూ ఎక్స్-వై గ్రాఫ్ (ద్రవంలో ఇథనాల్ ఎంతో, దాని ఆవిరిలో ఎంతో చూపేది) గీయించాను. రౌల్ట్స్ లా గీత మూలరేఖకు (ఆ రెండూ సమానమయ్యే గీత) పైనే చివరిదాకా వెళ్లింది. ఎన్‌ఆర్‌టీఎల్ గీత వంగుతూ వచ్చి 0.89 దగ్గర మూలరేఖను తాకింది. అజియోట్రోప్ (ద్రవం, ఆవిరి ఒకే కూర్పుకు వచ్చి ఇక విడిపోని స్థితి) అని రెండో సంవత్సరంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నది ఇదే. అది నా కాలమ్‌ను ఆపడం మాత్రం ఆ రాత్రే చూశాను. ఇదంతా ల్యాబ్‌లో, మూడు గంటల్లో, ముగ్గురి మధ్య జరిగేది కాదు. అర్ధరాత్రి ఒంటి గంటకు నా సొంత లాప్‌టాప్ కాబట్టే కుదిరింది.

రెండోది అమ్మోనియా లూప్: నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి అమ్మోనియా చేసి, మిగిలిన గ్యాస్‌ను మళ్లీ రియాక్టర్‌కు పంపడం. మాది పెద్దపల్లి. రామగుండం ఎరువుల కర్మాగారం దగ్గరే కాబట్టి ఆ ప్రాజెక్టు నేనే అడిగి తీసుకున్నాను. గంటకు 100 కిలోమోల్స్ ఫీడ్, గాలితో పాటు వచ్చే, చర్యలో పాల్గొనని ఆర్గాన్ అందులో 0.3 కిలోమోల్స్. ఒక్కో పాస్‌లో 25 శాతమే కన్వర్షన్, అమ్మోనియా తీసేసి మిగతా గ్యాస్ అంతా వెనక్కి. ఎంతసేపటికీ రీసైకిల్ బ్లాక్ కన్వర్జ్ కాలేదు. టాలరెన్స్ మార్చాను, మొదటి అంచనాలు మార్చాను. చివరికి స్ట్రీమ్ తెరిచి చూస్తే ఇటరేషన్ ఇటరేషన్‌కూ ఆర్గాన్ పెరుగుతూనే ఉంది. నేను పర్జ్ (లూప్‌లోంచి కొంత గ్యాస్‌ను బయటికి వదిలే దారి) పెట్టలేదు. లోపలికి వచ్చేదానికి బయటికి దారే లేదు, ఇక లెక్క ఎక్కడ ఆగుతుంది?

కాగితం మీద రెండు వరుసల లెక్క. లూప్‌లో ఆర్గాన్ 10 శాతం వరకు ఫరవాలేదనుకుంటే, 0.3 బయటికి పోవాలంటే పర్జ్ గంటకు 3 కిలోమోల్స్. వెనక్కి తిరిగే గ్యాస్‌లో సుమారు ఒక శాతం. స్ప్లిటర్‌లో అది పెట్టగానే కన్వర్జ్ అయింది. ఈ లెక్క ముందే చేసుకుని ఉంటే రెండు రోజులు మిగిలేవి. జూనియర్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: చేత్తో బ్యాలెన్స్ రాయకుండా ఫ్లోషీట్ తెరవొద్దు.

అయితే సబ్జెక్టు మొత్తానికి డీడబ్ల్యూసిమ్ ఒక్కటే చాలదు. సిలబస్‌లో మొదటి సగం సమీకరణాలు రాయడమే: ట్యాంక్ లెవెల్, జాకెట్ ఉన్న సీఎస్‌టీఆర్ (నిరంతరం కలుపుతూ నడిపే ట్యాంకు రియాక్టర్), వాటి డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. ఇక్కడ బ్లాకులు రెడీగా ఉంటాయి, లోపలి సమీకరణం మీరు రాయరు. ఆ భాగానికి నేను సమీకరణాలను సాధించే సైలాబ్ అనే సాఫ్ట్‌వేర్ వాడాను. అదీ ఉచితమే. డీడబ్ల్యూసిమ్‌లో పైథాన్ స్క్రిప్ట్ రాసుకునే వీలుంది కానీ, మొదటిసారి నేర్చుకునేవాళ్లు సమీకరణాన్ని సైలాబ్‌లో విడిగా రాసుకోవడమే మేలనిపించింది. ఉద్యోగాల ప్రకటనల్లో ఎక్కువగా ఆస్పెన్ ప్లస్, హైసిస్ అనే డబ్బు పెట్టి కొనే సిమ్యులేటర్ల పేర్లే కనిపిస్తాయి కాబట్టి ల్యాబ్ గంటలు కూడా వదులుకోకండి. ఇక్కడ ప్యాకేజీ ఎంచుకోవడం, రీసైకిల్ కట్టడం వచ్చినవాళ్లకు అక్కడ మారేది మెనూలే.

నా వరకు అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఇప్పుడు ఫాసీకి పంపడానికి ఒక ఫ్లోషీట్ కడుతున్నాను. ఆమోదం పొందితే సర్టిఫికెట్ ఇస్తారు. ఇథనాల్ ఫైల్ మాత్రం మా జూనియర్లకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేశాను. అందులో రెండు కాలమ్‌లు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి రౌల్ట్స్ లా, ఒకటి ఎన్‌ఆర్‌టీఎల్. ఏది ఏదో పేర్లు పెట్టలేదు, రన్ చేసి వాళ్లే చెప్పాలి.