కర్నూలు బురుజు దగ్గర ఆ చిన్న రిపేర్ షాపు: పోయిందన్న కంప్యూటర్ బోర్డు మళ్లీ లేచింది

నాన్న ఎరువుల కొట్లో 2004లో కొన్న పెంటియం 4 కంప్యూటర్‌ను ఇంకా వాడుతున్నాం. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ రెండూ దాంతోనే నడుస్తాయి, రైతుల ఖాతాలన్నీ అందులోనే ఉన్నాయి. మూణ్ణెల్లుగా పొద్దున స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగేది కానీ స్క్రీన్ వచ్చేది కాదు, నాలుగైదు సార్లు ఆపి వేస్తే లేచేది, పోయిన నెల అదీ ఆగిపోయింది. మొదట చూపించిన షాపులో రెండు నిమిషాలు చూసి మదర్‌బోర్డు (లోపలుండే ముఖ్యమైన సర్క్యూట్ బోర్డు) పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. నాన్న ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు.

కొండారెడ్డి బురుజు దగ్గర సందులో ఉన్న ఈ షాపుకి తర్వాత తీసుకెళ్లాను. షాపాయన మొదట జరిగిందంతా అడిగాడు. నాలుగోసారికి లేచేదని చెప్పగానే "కెపాసిటర్లే అయ్యుంటాయన్నా, కాస్త వేడెక్కితే పనిచేస్తాయి, చల్లగా ఉంటే మొరాయిస్తాయి" అన్నాడు. కెపాసిటర్లంటే బోర్డు మీద కరెంటును నిలకడగా ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాలు. అయినా ముందు వేరే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) తగిలించి చూసి, తప్పు దానిది కాదని తేల్చుకున్నాకే బోర్డు బయటికి తీశాడు. ప్రాసెసర్ పక్కన తొమ్మిది కెపాసిటర్లుంటే మూడింటి తలలు ఉబ్బాయి, ఒకదాని పైన గోధుమరంగు మరక. 1999 నుంచి 2007 దాకా వచ్చిన చాలా బోర్డుల్లో ఇదే జబ్బట, లోపలి ద్రవం సరైంది కాక గ్యాస్ పుట్టి ఉబ్బుతాయి.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత చేసిన పని. చదునుగా, బాగానే ఉన్నట్టు కనిపించేదాన్ని కూడా ఒకటి పీకి కొలిచాడు. బోర్డు మీద ఉండగా కొలిస్తే పక్కనున్న మంచివి చెడ్డదాన్ని దాచేస్తాయట. నిల్వ సామర్థ్యం 1000 మైక్రోఫారడ్లకు 900 పైనే చూపించింది, మామూలు మీటరు చూసేవాళ్లయితే బాగుందనేవాళ్లే, కానీ ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం, తక్కువుంటేనే మంచిది) కొలిచే మీటరు పెడితే ఒక ఓమ్ దాటింది, కొత్తదానికి 0.03 మాత్రమే. అందుకే తొమ్మిదీ మార్చాడు. 105 డిగ్రీల వేడి తట్టుకునేవి, ఈఎస్ఆర్ తక్కువుండే రకం, 6.3 వోల్టుల చోట 10 వోల్టులవి వేశాడు (వోల్టేజి ఎక్కువున్నా పర్లేదు, తక్కువ మాత్రం వేయకూడదు). పీకే ముందు ప్లస్సు మైనస్సులు తెలిసేలా ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు.

మొత్తం 750 తీసుకున్నాడు, ఆ పనికి అది తక్కువే. కానీ రెండు రోజులన్నది ఆరు రోజులైంది, సరుకు హైదరాబాద్ నుంచి రావాలని ముందే చెప్పి ఉంటే మాకు అంత టెన్షన్ ఉండేది కాదు, మధ్యలో ఫోన్ కూడా ఎత్తలేదు. బిల్లు ఇవ్వడు, నెల గ్యారంటీ అన్నది నోటిమాటే. మూడు వారాలుగా మొదటి స్విచ్‌కే లేస్తోంది, ఖాతాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించుకున్నాం. వెళ్లేవాళ్లు పదకొండు దాటాక వెళ్లండి, అంతకుముందు షట్టర్ తీయడు.